అటువైపు క్లచ్

జనవరి 9

వదినా,

క్షేమంగా చేరాను. చేరానంటే నేను చేరాను, నా కారు మాత్రం సగం ప్రాణంతో చేరింది. ఇంటి దగ్గరి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ గొంతు చించుకుంటోంది కానీ బండి ముందుకు కదలనంటోంది. కాలిన వాసన. వెనక లారీవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఎలాగో ఈడ్చుకొచ్చి గేటు ముందు నిలబెట్టాను. మెకానిక్‌కి చూపించాలి.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వుకుంటావు. మొన్న మీ ఇంట్లో ఉన్నప్పుడు ఒకటి గమనించాను. ఎవరు ఫోన్ చేసినా నువ్వు ముందు అన్నయ్య మంచం వైపు చూసి, ‘బాగానే ఉన్నారు, తింటున్నారు’ అని పెట్టేస్తున్నావు. మాట ముద్దగా వస్తోందని అన్నయ్య మాట్లాడటం మానేశాడు కానీ, వినడం మానలేదు కదా. ఆ రెండు గదుల్లో నువ్వు ఎక్కడికి వెళ్ళి మాట్లాడతావు? కాగితమైతే చప్పుడు చెయ్యదు. కుట్టుమిషన్ ముందు కూర్చుని రాయి, కొలతలు రాసుకుంటున్నావనుకుంటాడు.

పెద్ద డాక్టరు మాట ఇంకా నా చెవిలోనే ఉంది. ఎడమ కాలు తనంతట తను కాస్తయినా కదిలితే వ్యాయామాల విభాగంలో ఉంచుకుని నడిపించడానికి చూస్తారట. మార్చి చివర పరీక్ష నాటికి కదలకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. నువ్వు వెంటనే ‘కదులుతుంది’ అన్నావు. ఏ ఆధారంతో అన్నావో అని దారంతా ఆలోచించాను. కాలేజీలో పిల్లలకి తర్కం చెప్పేదాన్ని, ఆధారం అడక్కుండా అన్నం కూడా దిగదు నాకు. నీ మీద అపనమ్మకం కాదు. ఇది నాకున్న జబ్బు, అంతే.

ముప్పై ఏళ్ళు ఊరందరికీ కారు నేర్పిన మనిషికి పోయింది ఎడమ కాలే. క్లచ్ కాలు. పక్షవాతం కూడా మనిషి వృత్తి విచారించుకుని వస్తుందా అనిపిస్తుంది.

నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు పెట్టుకుని వాకిట్లో నిలబడ్డ ఆ కారుని ఏం చేద్దామనుకుంటున్నావు? అమ్మేస్తే మంచిదేమో. ఏమో, అమ్మితే అన్నయ్య ఏమనుకుంటాడో.

నీ ఆడపడుచు

జనవరి 17

పంతులమ్మకి,

నీ ఉత్తరం అందింది. అందులోని ‘ఏమో’లన్నీ ఏరి పక్కన పెడితే రెండు లైన్లు మిగిలాయి. కవరు చూసి మీ అన్నయ్య కనుబొమ్మ ఎగరేశారు. స్కూలు యూనిఫారాల ఆర్డరని చెప్పాను. ఆయనతో అబద్ధమాడటం నీ ఉత్తరంతోనే మొదలుపెట్టాను, ఆ పుణ్యం నీకే.

కారు సంగతి. బస్టాండు పక్కన ఇంకో డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన స్నేహితుడు అడిగాడు, కొంటానని. చూడటానికి వస్తానంటే నిన్న లోపలంతా తుడిచాను. నీకు తెలుసుగా, ఆ కారుకి క్లచ్‌లు రెండు. నేర్చుకునేవాళ్ళ కాలి కింద ఒకటి, పక్క సీట్లో నేర్పేవాళ్ళ కాలి కింద ఒకటి. కింద కడ్డీతో రెంటినీ కలిపేశారు. ఇటు తొక్కితే అటు దిగుతుంది, అటు తొక్కితే ఇటు.

నేర్చుకునేవైపు రబ్బరు మీద గీతలు ఇంకా వేలికి గరుగ్గా తగులుతున్నాయి. ఆయన వైపు రబ్బరు గుండు గీసినట్టుంది. ఎడమ అంచున ఇనుము కూడా బయటపడింది. నేను బట్టతో బతికేదాన్ని. చొక్కా తిరగేసి చూస్తే దాన్ని తొడుక్కున్నవాడు ఏ చెయ్యి ఆనించి కూర్చుంటాడో చెప్తాను. అరుగుదల అబద్ధం చెప్పదు. ఇన్నాళ్ళూ క్లచ్ తొక్కింది ఆయన. మనం కాదు.

నాకూ ఆయనే నేర్పారు. లైసెన్సు కూడా వచ్చింది. పరీక్షరోజు పక్క సీట్లో ఎవరున్నారనుకున్నావు? ఆయనే. మరి ఆయన పడిపోయాక మొదటిసారి ఆసుపత్రికి నేనే తీసుకెళ్దామని కారు తీస్తే, వాకిలి ఎత్తు దగ్గరే ఇంజన్ ఆగిపోయింది. మళ్ళీ తీశాను, మళ్ళీ ఆగింది. వీధంతా వాకిళ్ళలోకి వచ్చి చూశారు. ఆయన వెనక సీట్లో పడుకుని కళ్ళు మూసుకున్నారు. చివరికి టాక్సీ పిలిచాను. ఆరోజు నా చేతకానితనమనుకున్నాను.

కోపం వచ్చింది. ఎవరి మీద చూపించను? నేనే మూతి తుడిచి, పక్కకి తిప్పి పడుకోబెట్టే మనిషితో పోట్లాడటం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. ఆయనకి నా మీద నమ్మకం లేదని ఇన్నేళ్ళ కాపురం చెప్పలేదు, ఒక రబ్బరుముక్క చెప్పింది.

నీ వదిన

జనవరి 28

వదినా,

నీ ఉత్తరం చదివి లేచి వెళ్ళి కారులో కూర్చున్నాను. ఎందుకో చెప్తాను.

నా కారు క్లచ్ ప్లేటు మాడిపోయిందట. మెకానిక్ మార్చి తెచ్చి, క్లచ్ మీద కాలు ఆనించి నడుపుతారా మేడమ్ అని అడిగాడు. లేదన్నాను, కాస్త విసురుగానే. కాలేజీకి వెళ్తూ చూసుకుంటే, గేరు పడ్డాక కూడా నా ఎడమ పాదం పెడల్ మీదే ఉంది. తొక్కట్లేదు. పిల్లి గోడమీద కూర్చున్నట్టు ఊరికే కూర్చుని ఉంది. ఆ కాస్త బరువుకే లోపల ప్లేటు జారుతూ మాడుతుందట. తీసి పక్కన పెట్టాను. రెండో సిగ్నల్ దాటేసరికి మళ్ళీ అక్కడే ఉంది. ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలియదు వదినా. నిజంగా తెలియదు.

నీ ఉత్తరంతో కారణం తెలిసింది. అన్నయ్య నేర్పేటప్పుడు, నేను తొక్కాలి అనుకునే లోపే పెడల్ తనంతట తనే కిందికి దిగేది. నా పాదం దాని వెంట వెళ్ళేది. బండి ఆగకుండా ఎత్తు ఎక్కేది. ‘చూశావా, నువ్వే తోలావు’ అనేవాడు. నేను నమ్మేదాన్ని. అన్నయ్య రోడ్డుకంటే నా ఎడమ మోకాలినే ఎక్కువ చూసేవాడు, గుర్తుందా? పాదం ఏం చెయ్యబోతోందో మోకాలు ముందే చెప్తుందనేవాడు. నా కాలు ఇన్నేళ్ళుగా ఆ పెడల్ మీద కూర్చుని, అది దానంతటది దిగడం కోసం ఎదురుచూస్తోంది కాబోలు.

నువ్వు అపనమ్మకమన్నావు. నాకైతే ప్రేమేమో అనిపిస్తోంది. పక్కన మనిషి భయపడుతుంటే చూడలేక తనే తొక్కేసేవాడు. లేక ప్రేమా అపనమ్మకమూ ఒకే కడ్డీకి బిగించి ఉంటాయో ఏమో. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను, ఉంచేశాను.

నువ్వు మళ్ళీ నడిపి చూడు. మడమ నేల మీద ఆనించు, పాదం ముందు భాగంతోనే తొక్కు. పెడల్ వదిలేటప్పుడు సగంలో బండి ఒక్కసారి వణుకుతుంది, అక్కడ ఆగు, తర్వాత మెల్లగా వదులు. పని అయిపోగానే కాలు తీసి పక్కన పెట్టు. నాకే చేతకానిది నీకు చెప్తున్నాను, పంతులమ్మల పద్ధతే ఇది.

ఇంకో మాట. సాయంత్రాలు అన్నయ్యని కాసేపు ఆ కారులో కూర్చోబెట్టకూడదూ? తన సీట్లో. గోడ చూస్తూ పడుకోవడంకన్నా నయమేమో.

నీ ఆడపడుచు

ఫిబ్రవరి 11

పంతులమ్మకి,

ప్రేమట. పెళ్ళి చేసుకోనివాళ్ళకి అన్నీ ప్రేమలాగే కనపడతాయి. నీకు నువ్వే వండుకుని, నీకు నువ్వే తలుపేసుకునేదానివి. పక్కన కూర్చున్నవాడు చప్పుడు లేకుండా నీ పని చేసేసి, ‘నువ్వే చేశావు’ అని వెన్ను తడితే, అది అలా ఎన్నేళ్ళు సాగిందో చివర్లో తెలిస్తే, అప్పుడు చెప్పు ప్రేమో కాదో.

ఈ పేరా రాసి వారం పక్కన పెట్టాను. కొట్టెయ్యట్లేదు, నువ్వూ కొట్టెయ్యలేదుగా. కానీ కోపం చల్లారింది.

నువ్వన్నట్టే ఆయన్ని కారులో కూర్చోబెడుతున్నాను. పక్కింటి వడ్రంగి, వాళ్ళావిడ చెరో పక్కా పట్టుకుంటారు. వడ్రంగి కూడా మీ అన్నయ్య శిష్యుడే. కారు నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, ఇప్పటికీ సైకిలే తొక్కుతాడు. రబ్బరు సంగతి అతనికి చెప్పాను. చాలాసేపు నవ్వి, ‘అమ్మయ్య, ఇన్నాళ్ళూ నాదే తప్పనుకున్నానండీ’ అన్నాడు.

ఆ సీట్లో కూర్చోగానే ఆయన నడుము నిటారుగా నిలబడింది. దిండ్లు అక్కర్లేకపోయాయి. కుడి చేత్తో అద్దం సర్దుకున్నారు. వెనక ఏముంది చూడటానికి? మా వాకిలి, నీళ్ళ డ్రమ్మూ. అయినా సర్దుకున్నారు. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. కారు స్టార్ట్ చెయ్యలేదు, ఊరికే కూర్చున్నాం. ఆయన ఎడమ కాలు పక్కకి వాలిపోతుంటే ఎత్తి, ఆయన వైపు క్లచ్ మీద పెట్టి, జారకుండా పాత బెల్టు గుడ్డతో కట్టాను. ఆ కాలికి తెలిసిన చోటు అదొక్కటే కదా.

రోజూ వెళ్తున్నాం. నేను ఆ సీట్లోనే కాజాలు కుట్టుకుంటాను. చూసినవాళ్ళు షికారుకి బయల్దేరామనుకుంటారు.

నీ వదిన

ఫిబ్రవరి 19

అమ్మాయ్,

కదిలింది.

నిన్న సాయంత్రం, కారులో. చొక్కాకి గుండీలు కుడుతున్నాను. దారం తెగి, తల వంచి కింద వెతుకుతుంటే ఆయన పాదం కిందికి దిగింది. పెడల్‌తో సహా, రెండు వేళ్ళ మందం. మళ్ళీ పైకి వచ్చింది. కాసేపటికి మళ్ళీ దిగింది.

‘కదిలింది, మీ కాలు కదిలింది’ అన్నాను. నేను ఆయన కాలు చూస్తుంటే ఆయన నా మోకాలు చూస్తున్నారు. ఈ వయసులో సిగ్గేసింది. తర్వాత మొహంలోకి చూశారు. చాలాసేపు చూసి తల ఊపారు. అవునన్నట్టు.

ఈరోజు కూడా కదిలింది. మంచం మీద కదలట్లేదు, కారులోనే. కాలికి తన పని గుర్తొచ్చినట్టుంది. పొద్దున ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయికి చెప్పాను. మంచిదేనమ్మా, పరీక్షరోజు చూద్దాం అంది. కారు కొంటానన్నాయనకి అమ్మనని చెప్పి పంపేశాను. ఇప్పుడు ఈ కారే మా మందు.

నువ్వు చెప్పబట్టే కారులో కూర్చోబెట్టాను. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. పెళ్ళి మాట తప్ప.

ఒక్కసారి వచ్చి చూసిపో.

నీ వదిన

ఫిబ్రవరి 26

వదినా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో తెరిచాను. మొదటి మాట చదవగానే ఏడుపొచ్చి, చాక్‌పీస్ పొడి కంట్లో పడిందని అందరికీ చెప్పాను. అన్నయ్య పాదం దిగడం, లేవడం రోజంతా నా కళ్ళముందే ఆడింది. క్లాసులో సగం వాక్యం దగ్గర ఆగిపోతే పిల్లలు నవ్వారు.

ఇక్కడిదాకా రాసి పోస్టు చేసేయాల్సింది. కవరు అంటించి మళ్ళీ విప్పాను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అడగకపోతే నేను నిద్రపోలేను. అడిగితే నీకు నిద్ర ఉండదేమో. ఏది న్యాయమో తేల్చుకోలేక ఈ కాగితం బల్లమీదే రోజుల తరబడి పడి ఉంది.

అన్నయ్య కాలు కదిలినప్పుడు నీ ఎడమ పాదం ఎక్కడుంది?

నీ వైపు క్లచ్ మీద లేదు కదా? నా పాదం నాకు తెలియకుండానే అక్కడికి వెళ్తుందని రాశాను కదా. మనిద్దరికీ నేర్పింది ఒక్క మనిషే. పైగా నీవి కుట్టుమిషన్ తొక్కే కాళ్ళు, కింద ఏదైనా ఉంటే ఊరుకోవు. గుండీలు కుడుతూ, దారం కోసం వంగినప్పుడు ఒంటి బరువు కాలి మీదకి వెళ్తే... అన్నయ్య నీ మోకాలు చూస్తున్నాడని నువ్వు రాసిన లైను దగ్గరే నా మనసు ఆగిపోయింది.

తప్పయితే నన్ను తిట్టు. తప్పవ్వాలనే కోరుకుంటున్నాను. ఒక్కసారి, రెండు కాళ్ళూ సీటు మీదకి మడుచుకుని చూడు.

నీ ఆడపడుచు

మార్చి 4

నా కాళ్ళు నా దగ్గరే ఉన్నాయి.

తినే కంచంలో వెంట్రుక వెతికే బుద్ధి నీకు చిన్నప్పటినుంచీ ఉందని మీ అమ్మ అనేది. ఒళ్ళు తుడిచేది నేను, ఎత్తేది నేను, మోసేది నేను. అంత దూరాన కూర్చుని నాకు కనిపించింది అబద్ధమంటావా? ఆయన తల ఊపారు. ఆయన కూడా అబద్ధమేనా?

నువ్వు రావద్దు. ఉత్తరం కూడా రాయద్దు, పరీక్ష అయ్యేదాకా.

మార్చి 12

వదినా,

రాయద్దన్నావు, అయినా రాస్తున్నాను. ఇదొక్కటే.

నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. చూడని దాని మీద అనుమానం పెట్టుకోవడం నేను పిల్లలకి నేర్పే పద్ధతి కూడా కాదు. నువ్వు పక్కనే ఉండి చూశావు. నా కాలు మొద్దుదయితే అందరి కాళ్ళూ అంతేననుకోవడం నా తెలివితక్కువ. కాళ్ళు మడుచుకుని చూడమన్నాను కదా, అదేమీ వద్దు. అసలు చూడకు.

ఆ రెండు వేళ్ళ మందం నాకూ కావాలి వదినా. పరీక్షరోజు పొద్దున్నుంచీ మీ ఫోన్ కోసం చూస్తుంటాను. మంచి మాటైతే అన్నయ్య పక్కనుండగానే చెప్పొచ్చు కదా, ఉత్తరమక్కర్లేదు. ఇక్కడ పరీక్షల డ్యూటీలు అవ్వగానే వస్తాను, నువ్వు వద్దన్నా సరే.

నీ ఆడపడుచు

ఏప్రిల్ 2

అమ్మాయ్,

ఫోన్ రాకపోయేసరికి నీకు తెలిసే ఉంటుంది.

బల్ల మీద పడుకోబెట్టి, ఆ వ్యాయామం అమ్మాయి ఆయన మడమ అరచేతిలో పట్టుకుని నెట్టండి అంది. మళ్ళీ అంది. పెద్ద డాక్టరు కూడా వచ్చి అన్నాడు. ఆయన నుదుటి మీద నరం లేచింది కానీ పాదం చాపచుట్టలా అలాగే ఉంది. కారులో కదులుతుంది డాక్టరుగారూ, నేను చూశాను అన్నాను. నన్నెవరూ వెక్కిరించలేదు. వెక్కిరించి ఉంటే పోట్లాడేదాన్ని. ఆ అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది. ఇక కాలు రాదని కూడా ఎవరూ అనలేదు. ఇంట్లో చూసుకోండమ్మా అన్నారు. అంటే అదే.

సాయంత్రం వడ్రంగి వాళ్ళని పిలిచాను. ఆయన్ని ఎప్పటిలాగే కూర్చోబెట్టి, కాలు పెడల్ మీద కట్టి, వాళ్ళని పంపేశాను. కాజాలూ గుండీలూ తీసుకెళ్ళలేదు. నువ్వు వెనక్కి తీసుకున్న ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది, దాన్ని తీసుకెళ్ళాను. చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ సీటు మీదకి మడుచుకుని కూర్చున్నాను. ఈ పని ముందే చెయ్యొచ్చుగా అంటావు. ముందే చేసుంటే ఈ నెల ఉండేది కాదు నాకు.

కూర్చున్నాం. వీధి దీపం వెలిగింది. నీళ్ళ డ్రమ్ము మీద కాకి వచ్చి కూర్చుని వెళ్ళిపోయింది. ఆయన కాలు కదల్లేదు.

తర్వాత ఎడమ కాలు దించి పెడల్ మీద పెట్టాను. తొక్కలేదు, ఆనించానంతే. అటువైపు ఆయన పాదం రెండు వేళ్ళ మందం దిగింది. సరిగ్గా అంతే.

ఆయన వైపు తిరిగాను. కాలు చూడట్లేదు ఆయన, నా మోకాలే చూస్తున్నారు. ‘మీకు తెలుసా?’ అన్నాను. కళ్ళెత్తలేదు. ‘మొదటిరోజు నుంచీ తెలుసా?’ అన్నాను. తల ఊపారు. ఆరోజు ఊపినట్టే. ముప్పై ఏళ్ళు అటువైపు పెడల్ తొక్కిన మనిషికి, తన కాలిని ఎవరు తొక్కుతున్నారో తెలియదా? నాకే తెలియలేదు.

చెప్పొచ్చుగా అన్నాను. ముద్దగానైనా ఒక్క మాట అనుంటే నేను ఆసుపత్రిలో అందరి ముందూ అలా నిలబడేదాన్ని కాదుగా అన్నాను. చాలా అన్నాను. జనవరి నుంచీ దాచుకున్న రబ్బరు సంగతి కూడా అనేశాను. పోట్లాడటం రాదని రాశానుగా, వచ్చేసింది. ఆయన అంతా విన్నారు. ఏడుస్తూ కాలు మళ్ళీ పైకి మడుచుకున్నాను.

కాసేపయ్యాక ఆయన కుడి చెయ్యి వచ్చి నా మోకాలి మీద తట్టింది. వేలితో కిందికి చూపించారు. నేర్చుకునేవాళ్ళు భయపడి కాలు తీసేస్తే అలాగే చూపించేవారు, నీకు తెలుసు. పెట్టు, అని.

పెట్టాను. మెల్లగా తొక్కాను. ఆయన పాదం పూర్తిగా కిందికి వెళ్ళింది. మెల్లగా వదిలాను, పైకి వచ్చింది. ఆయన అద్దం సర్దుకుని ఎదురుగా చూశారు. ఎదురుగా పక్కింటి గోడ. ఇద్దరం ఆ గోడ వైపే చూస్తూ చీకటి పడేదాకా అలాగే చేశాం.

కారు కొంటానన్నాయన వేరేది కొనేసుకున్నాడు. డ్యూటీలు అయ్యాక రా. ఆయనకి ఏమీ చెప్పక్కర్లేదు, ఆయనకి అన్నీ తెలుసు.

నీ కొత్త క్లచ్ ప్లేటు జాగ్రత్త. పని అవ్వగానే కాలు తీసి పక్కన పెట్టుకో. నేను మాత్రం ఇక తియ్యను.

నీ వదిన